బండి యొకరిది, తాళ మొకరిది

మోటారుకారు నేడు ధనికుల వాకిట నిలుచు వైభవచిహ్నము మాత్రమే కాదు. వాయిదాల పద్ధతిపై ఉపాధ్యాయుడు కొనుక్కొన్న చిన్నకారు కలదు. పల్లెనుండి మిరపబస్తాలను గుంటూరు యార్డునకు జేర్చు చిన్న ట్రక్కు కలదు. రోగులను ఆసుపత్రికి, ప్రయాణికులను రైలుస్టేషనుకు చేరవేసి ఆ పూట సంపాదనతో కుటుంబమును పోషించు టాక్సీ కలదు. వీనిలో నేదియైనను ఒక దినము కదలక నిలిచినచో, దానితోపాటు ఒక యింటి జీవనమును నిలుచును. కావున బండి చెడిపోవుటయు, దానిని బాగుచేయించుటయు నేటి సామాన్యగృహస్థుని ఆర్థికప్రశ్నలలో నొకటి యైనది. క్రొత్తకార్ల అందచందములను వర్ణించు ప్రకటనలు పుటలకొలది వెలువడుచున్నవి. ఆ కారే మూడవయేట మొరాయించినప్పుడు యజమాని పడు పాట్లను గూర్చి వ్రాయువారు మాత్రము అరుదు. ఆ పాట్లకు మూలమెచ్చట నున్నదో నేడు విచారింప దలచితిమి.

యంత్రము చెడుట సహజము. రబ్బరు అరుగును, నూనె నల్లబడును, బ్యాటరీ మూడు నాలుగేండ్లకు నీరసించును, గోతులరోడ్లపై బుష్షులు పగులును. దీనికై యెవరిని నిందింపవలసిన పనిలేదు. విసుగు పుట్టించునది చెడినపిమ్మట జరుగు తంతు. కంపెనీవారి అధీకృత సర్వీసుకేంద్రమునకు బండిని గొనిపోయిన గృహస్థునకు మొట్టమొదట నెదురుపడువాడు సర్వీసు అడ్వైజరు. యజమాని తన బాధ నతనికి చెప్పును. అతడు దానిని జాబుకార్డుపై నెక్కించును. ఆ కార్డును చూచి లోపల పనిచేయువాడు వేరొకడు. రోగి చెప్పుదానిని వైద్యుడు చెవియొగ్గి వినక చీటిలో చదువుకొన్నట్లుండును ఈ పద్ధతి. ఎడమవైపు ముందరిచక్రమువద్ద, మలుపులలో మాత్రము, నెమ్మదిగా పోవునప్పుడు వినవచ్చు చప్పుడు "శబ్దము కలదు" అను రెండు మాటలుగా మారి లోపలికి పోవును. సాయంకాలమునకు "పరీక్షించితిమి, శబ్దము లేదు" అని మఱల బయటికి వచ్చును. యజమాని ఇంటిదారి పట్టి మొదటి మలుపు తిరుగగనే ఆ చప్పుడు పలకరించును.

చెప్పిన పని యిట్లు మిగిలిపోగా, చెప్పని పనులు బిల్లులో చేరుచుండును. ఇంజను డ్రెస్సింగు, ఏ.సి. శుద్ధి, అడుగుభాగమునకు పూత మొదలగు పేర్లతో వచ్చు పద్దులలో ఏది యవసరమో, ఏది యలంకారమో సామాన్యునకు తెలియదు. ప్రక్కయద్దమును త్రిప్పు చిన్నమోటారు చెడినచో అద్దమును పెట్టెతో సహా మార్చవలెనందురు. హెడ్‌లైటును పట్టియుంచు ప్లాస్టిక్కు చెవి విరిగినచో, వెలుగుచున్న దీపమును పారవేసి క్రొత్తది బిగింపవలెనందురు. భాగము స్టాకులో లేదు, ఆర్డరు పెట్టితిమి, వారము పట్టుననుదురు, వారము పక్షమగును. బ్యాంకువారి వాయిదా మాత్రము తేదీ తప్పక వచ్చును.

ఇది భరింపలేక వీధిచివరి షెడ్డుకు పోయినవాని యనుభవము వేరు. అచ్చట మేస్త్రీ స్వయముగా బండి నడిపి చూచును. చప్పుడు విన్నంతనే కారణమును చెప్పగలవాడును తఱచుగా నుండును. కాని బిల్లు అడిగిన, తెల్లకాగితముపై మొత్తము మాత్రము వ్రాయబడును. వేసినభాగము అసలుదో నకిలీదో తేల్చుకొను మార్గము లేదు. రేపని చెప్పిన బండి ఎల్లుండికి, ఎల్లుండి యనునది ఆదివారమునకు జరుగుచుండును. ఇట్లు అద్దాల గోడ యొకవైపు, అట్టపెట్టె నకిలీసామాను ఇంకొకవైపు నిలువగా, నడుమ చిక్కినవాడు యజమాని. ఈ రెండు దోషములును పైకి వేర్వేరుగా గనబడినను, రెండింటికిని వేరు ఒక్కటే యని మా యభిప్రాయము. బండిని గూర్చిన జ్ఞానమును, అసలు విడిభాగములును ఒకచోట బంధింపబడియుండుటయే ఆ వేరు.

పూర్వమిట్లుండెడిది కాదు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై బెంగాలులోని ఉత్తరపారాలో తయారై, దాదాపు అర్ధశతాబ్దము మన రోడ్ల నేలిన అంబాసిడరు కారును ఎఱుగని తెలుగువాడుండడు. దాని బానెటు ఎత్తిన లోపల చేయి పెట్టుటకు, తల దూర్చుటకు కూడ చోటుండెడిది. కార్బురేటరును విప్పి పెట్రోలుతో కడుగుట, పాయింట్లను గరుకుకాగితముతో రుద్దుట, ప్లగ్గులను మార్చుట ప్రతి డ్రైవరునకును తెలిసిన విద్యలే. నడిరోడ్డున నిలిచిన బండిని పక్కయూరి లేతు మిషనువాడు కూడ కదిలింపగలిగెడివాడు. 2014 మే నెలలో ఆ కర్మాగారమున ఉత్పత్తి నిలిచిపోయినది.

అయితే గతమును అనవసరముగా కీర్తించుట మా యుద్దేశము కాదు. ఆ బండి పెట్రోలును త్రాగెడిది, పొగ గ్రక్కెడిది. కొనదలచినవాడు సంవత్సరములకొలది నిరీక్షింపవలసిన ఆ లైసెన్సుల కాలమున, వేరు గతిలేక జనులు దానిని మోసినారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినపిదప మధ్యతరగతి కుటుంబమునకు తేలికైన, పొదుపైన బండి చేతికందినది. పిమ్మట యంత్రములు ఇంకను మెఱుగైనవి. నేటి కార్లు ఆనాటివానికంటె తక్కువ చెడును, తక్కువ పొగను విడుచును, ప్రమాదమున ప్రాణమును ఎక్కువగా కాపాడును. ఈ మేలును కాదనువాడు అవివేకి. కాని మేలుతోపాటు ఒక తాళముకూడ వచ్చినదని గుర్తింపవలసియున్నది.

ఆ తాళము పేరు కంప్యూటరు. వాయుకాలుష్యమును తగ్గించుటకై ప్రభుత్వమువారు క్రమక్రమముగా భారత్ స్టేజి ప్రమాణములను బిగించిరి. అయిదవ మెట్టును దాటి, 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటను ఆఱవ మెట్టును అమలుపరచిరి. దీనిని నెరవేర్చుటకు ఇంధనమెంత పోవలెనో, గాలియెంత కావలెనో, నిప్పురవ్వ యెప్పుడు పుట్టవలెనో క్షణక్షణము లెక్కించు ఎలక్ట్రానిక్ నియంత్రణయంత్రము అవశ్యమైనది. ఎచ్చటనైన లెక్క తప్పినచో డ్రైవరు ఎదుట ఇంజను బొమ్మగల పసుపుదీపము వెలుగును. ఏదో తప్పినదని ఆ దీపము చెప్పును. ఏమి తప్పినదో చెప్పదు. దానిని చెప్పించుటకు స్కానరు అను మఱియొక యంత్రమును బండికి తగిలింపవలెను. అందు కొన్ని సంకేతములు ప్రపంచమంతటను ఒకే తీరున నుండును. అల్పమూల్యమునకు దొరకు పరికరముతో వానిని ఎవరైనను చదువవచ్చును. కాని కంపెనీకొక తీరుగనుండు సంకేతములును, క్రొత్తభాగమును బిగించినపిమ్మట దానిని బండి గుర్తించునట్లు చేయు మంత్రాక్షరములును కంపెనీవారి చేతిలోనివి. తాళపుచెవి పోయినచో క్రొత్తచెవిని చెక్కుట చాలదు. బండి దానిని తనదిగా నంగీకరింపవలెను. పానా పట్టిన చేయి యెంత నేర్పుగలదైనను ఈ గుమ్మమువద్ద నిలిచిపోవలసినదే.

ఒక దృష్టాంతము చాలును. నేటి డీజిలుబండ్ల పొగగొట్టములో మసిని పట్టియుంచు జల్లెడవంటి వడపోత కలదు. పెద్దరోడ్డుపై కొంతసేపు సమవేగముతో పోయినప్పుడు పొగగొట్టము బాగుగా వేడెక్కి, అందు చేరిన మసి దానంతట తానే కాలిపోవును. ఇంటినుండి కార్యాలయమునకు, కార్యాలయమునుండి ఇంటికి మూడేసి కిలోమీటర్లు, అందులో సగము బెంజి సర్కిలువంటి కూడలులలో నిలిచియుండుటతోనే గడపు బండికి ఆ వేడి యెన్నడును చేకూరదు. మసి పేరుకొనును, దీపము వెలుగును, బండి బలము తగ్గును. ఆ దీపము వెలిగిన తొలినాడే ఇరువది నిమిషములు హైవేపై నడిపిన సాధారణముగా తీరిపోవు చిక్కు, ఉపేక్షించినచో స్కానరుతో బలవంతముగా కాల్పింపవలసినంతవరకును, తుదకు ఆ వడపోతనే మార్చి పెద్దమొత్తము చెల్లింపవలసినంతవరకును పోవును. పట్టణములో తక్కువదూరము తిరుగువానికి డీజిలుబండి తగదన్న ఒక్కమాటను అమ్మునాడు చెప్పువారెందరు? యజమాని చేతి పుస్తకములో ఈ సంగతి యుండును. కాని ఆంగ్లములో, ఏ రెండువందలవ పుటలోనో యుండును.

ఈ చిక్కులు మన యూహామాత్రములు కావు. వ్యాపారస్పర్ధను కాపాడుటకై ఏర్పడిన భారత కాంపిటీషన్ కమిషను ఈ విషయమును సాకల్యముగా విచారించినది. 2011లో ఒక యజమాని చేసిన ఫిర్యాదుతో ప్రారంభమైన యా విచారణ 2014 ఆగస్టు 25వ తేదీన తీర్పుగా వెలువడినది. పదునాలుగు కారు కంపెనీలు తమ విడిభాగములను, మరమ్మతు పరికరములను, సాంకేతిక సమాచారమును స్వతంత్ర మెకానిక్కులకు దక్కనీయక స్పర్ధను అణచుచున్నవని కమిషను నిర్ణయించి, మూడేండ్ల సగటు వ్యాపారముపై రెండు శాతము చొప్పున మొత్తము 2,544 కోట్ల 65 లక్షల రూపాయల జరిమానా విధించినది. ఆ పదునాలుగింట హోండా, టొయోటా, ఫోర్డు, వోక్స్‌వ్యాగను మొదలగు విదేశీయ సంస్థలే కాక, టాటా, మహీంద్రా, హిందూస్తాన్ మోటార్సు వంటి స్వదేశీయ సంస్థలును కలవు. స్వదేశీ యను పేరు ఒక్కటియే వినియోగదారునకు రక్ష కాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు.

కమిషనువారి తర్కము సులభగ్రాహ్యము. కారు కొనుటకు ముందు గృహస్థుడు పది కంపెనీల ధరలను పోల్చుకొనవచ్చును, అప్పుడతడు రాజు. కొన్నమరుక్షణమే బందీ యగుచున్నాడు. ఏలయన, ఒక కంపెనీ కారుకు మఱియొక కంపెనీ హెడ్‌లైటు అమరదు. అందువలన తన కార్ల విడిభాగముల విషయమున ప్రతి కంపెనీయు ఏకచ్ఛత్రాధిపత్యము వహించుచున్నదని కమిషను భావించినది. ఆ యాధిపత్యమును దుర్వినియోగము చేయగూడదని చెప్పుచు కొన్ని స్పష్టమైన యాదేశముల నిచ్చినది. భాగములను తయారుచేసి కంపెనీలకు సరఫరా చేయువారు వానిని బహిరంగవిపణిలో నమ్ముకొనుటకు అడ్డుచెప్పరాదు. విడిభాగములను, మరమ్మతు పరికరములను స్వతంత్ర మెకానిక్కులకును అందుబాటులో నుంచవలెను. బయట మరమ్మతు చేయించినంత మాత్రమున వారంటీ మొత్తము రద్దగునని షరతు విధింపరాదు. బయటివాని చేతగానితనమువలన నష్టము కలిగినచో ఆ నష్టమునకు సంబంధించినంతవరకే వారంటీని నిరాకరింపవచ్చును.

ఈ కడపటి యాదేశమును ప్రతి యజమానియు గోడపై వ్రాసికొనదగును. "బయట ముట్టుకొన్నచో వారంటీ పోవు"నను బెదరింపు నేటికిని కౌంటర్లవద్ద వినబడుచునే యున్నది. ఈ మాటకు జడిసి నూనె మార్చుటకు కూడ బయటికి పోనివారు వేలకొలది కలరు.

తీర్పు వచ్చినది, పండుగ కాలేదు. కంపెనీలు అప్పీళ్లకును, రిట్లకును పోయినవి. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము, కంపెనీలు సవాలు చేసిన చట్టపు నిబంధనలలో అధికభాగము రాజ్యాంగబద్ధములే యని నిర్ణయించినది. ఫిర్యాదు చేసిననాటి కారు అప్పటికి ముసలిదైయుండును. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖవారు మరమ్మతు హక్కును గూర్చి యొక సంఘమును నియమించి, వ్యవసాయయంత్రములు, సెల్‌ఫోనులు, గృహోపకరణములు, మోటారువాహనములు అను నాల్గు రంగములను దాని ముందుంచిరి. అదే సంవత్సరము డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినమున, మరమ్మతు హక్కు పోర్టలును ప్రారంభించిరి. ఈ ప్రయత్నము శ్లాఘనీయమే. కాని పోర్టలులో కంపెనీ తన సర్వీసుకేంద్రముల చిరునామాలను ప్రకటించుట వేరు; ఆటోనగరు మేస్త్రీ చేతికి సమాచారమును హక్కుగా నిచ్చుట వేరు. మొదటిది సౌకర్యము, రెండవది మాత్రమే హక్కు.

కంపెనీలవారి వాదమును కూడ న్యాయముగా వినవలెను. బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు ప్రాణములతో సంబంధించినవి. శిక్షణ లేనివాడు వీనిని ముట్టరాదు. నకిలీ విడిభాగములు ప్రాణాంతకములు. తాళపుచెవుల రహస్యము అందఱికిని తెలిసిన దొంగలకును తెలియును. ఈ మూడు మాటలలోను సత్యము కలదు. అయితే ఇవి తాళము వేయుటకు కారణములా, శిక్షణ నిచ్చుటకు కారణములా? మందు ప్రమాదకరమని వైద్యశాస్త్రమును దాచుదుమా? పరీక్ష పెట్టి, పట్టా యిచ్చి, రిజిస్టరులో పేరు వ్రాసి వైద్యుని తయారుచేయుచున్నాము. తాళపుచెవుల విద్యనుకూడ పేరు నమోదైన మెకానిక్కులకు మాత్రమే, ప్రతి వాడుకయు లెక్కలో నుండునట్లు ఇయ్యవచ్చును. ఇక నకిలీసరకు మాట: అసలుసరకు బజారులో దొరకనిచోటనే నకిలీ రాజ్యమేలును. కంపెనీకి భాగము చేసియిచ్చు కర్మాగారమే దానిని తన స్వంతముద్రతో, న్యాయమైన ధరకు ప్రతి దుకాణమునకును సరఫరా చేయుచో నకిలీవాని అంగడి సగము మూతపడును.

మరమ్మతు చేయగల చేతులు ఊరిలో నుండుట యెంత యవసరమో విజయవాడవాసులకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగునగరు మొదలగు ప్రాంతములను ముంచినప్పుడు, ఇండ్లతోపాటు కార్లు, ఆటోలు, మోటారుసైకిళ్లు దినములతరబడి నీటిలో నానినవి. రాష్ట్రప్రభుత్వమువారు ద్విచక్రవాహనమునకు 3,000, ఆటోకు 10,000 రూపాయల చొప్పున సహాయము ప్రకటించిరి. అట్టివేళ ఒక్కసారిగా వచ్చిపడు బండ్లనన్నింటిని చేపట్టగల శక్తి ఏ అధీకృతకేంద్రమునకును ఉండదు. బురద కడిగి, తీగెలనారబెట్టి, ఆటోను వారములో రోడ్డెక్కించి ఆ యింటి పొయ్యి వెలుగునట్లు చేయవలసినవాడు వీధి మెకానిక్కే.

ఆ వఱదలో మఱియొక పాఠముకూడ నున్నది. నీట మునిగిన బండిని "ఒకసారి చూతము" అని స్టార్టు చేయుట వినాశహేతువు. గాలి పోవలసిన మార్గమున నీరు సిలిండరులోనికి పోవును. గాలివలె నీరు అణగదు. పిస్టను దెబ్బకు కనెక్టింగురాడ్డు వంగిపోవును. సమగ్రబీమా యున్నవానికి వఱదనష్టము సామాన్యముగా వచ్చును గాని, నీటిలో స్టార్టు చేయుటవలన ఇంజనుకు కలిగిన చేటును పర్యవసాననష్టమని చెప్పి, ప్రత్యేకముగా ఇంజను రక్షణ పొందనివానికి బీమావారు నిరాకరింతురు. మఱియు సాధారణ పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్కు భాగములకు, టైర్లకు, బ్యాటరీలకు సగము విలువయే చెల్లింతురు. లోహభాగములకు బండి వయస్సునుబట్టి కోత విధింతురు. అయిదేండ్లు దాటినచో ఆ కోత నలుబదిశాతము, పదియేండ్లు దాటినచో ఏబదిశాతము. నేటికార్ల ముందుభాగమంతయు ప్లాస్టిక్కే కదా! బంపరు సంగతి వచ్చునప్పటికి ఈ సగము లెక్క తెలిసి గృహస్థుడు నివ్వెఱపోవును. ఈ సంగతులను పాలసీ కొనునాడే తెలుగులో ఒక పుటకు మించకుండ వ్రాసియిచ్చుట బీమాకంపెనీలకు కష్టమగునా?

ఇక మన ఆటోనగర్ల మాట. విజయవాడ జవహరు ఆటోనగరు ఆసియాలో పెద్దవానిలో నొకటియని ప్రసిద్ధి కెక్కినది. లారీకి చట్రము మాత్రము తెచ్చి యిచ్చిన, చెక్కయు ఇనుమును కలిపి బాడీ కట్టి, రంగులద్ది, నంబరు వ్రాసి రోడ్డెక్కించు నేర్పు అచ్చటి పనివారిది. కమ్మరి, వడ్రంగి, టింకరు, ఎలక్ట్రీషియను, లేతు పనివాడు ఒక్క వీధిలోనే దొరకుదురు. ఈ విద్యను వీరికి ఏ విశ్వవిద్యాలయమును నేర్పలేదు. పానా లందించుటతో మొదలిడి, గురువు చేతిని చూచి, తాము చేయి కాల్చుకొని నేర్చిరి. ఇట్టి నేర్పరులు వేలకొలది నేడొక పసుపుదీపము నెదుట నిస్సహాయులగుచున్నారన్న, అది వారి యసమర్థత కాదు. దేశమునకు కలుగుచున్న నష్టము. ఒక తరము చేతిలోని విద్య మఱుతరమునకు చేరక ఎండిపోయినచో దానిని మఱల దిగుమతి చేసికొనజాలము.

అయినను మేస్త్రీలకు ఒకటి రెండు మాటలు చెప్పక తప్పదు. హక్కు కోరువాడు బాధ్యతను కూడ మోయవలెను. బిల్లు లేని పని, పేరు లేని సామాను, తేదీ లేని మాట—ఈ మూడును వారి వృత్తికి మచ్చలు. మార్చిన పాతభాగమును యజమాని చేతికియ్యవలెను. వేసినభాగము పేరును, ధరను, దానికెన్ని నెలల పూచీయో కాగితముపై వ్రాయవలెను. 2025 సెప్టెంబరు 22 నుండి విడిభాగములపై జి.యస్.టి. ఏకరీతిగా 18 శాతముగా నిర్ణయింపబడినది. అంతకుముందు పెక్కింటిపై 28 శాతముండెడిది. ఈ తగ్గింపు యజమానికి చేరినదో లేదో తెలియుటకు బిల్లే సాధనము. బిల్లు లేనిచోట తగ్గిన పన్ను ఎవరి జేబులో మిగిలినదో దేవునికే తెలియును. అట్లే పాఠశాలలో నుండవలసిన బాలురను షెడ్డులో నుంచు పాత యలవాటును పూర్తిగా విడువవలెను. విద్య నేర్చుటకు ఐ.టి.ఐ.లు కలవు, అందు మోటారువాహన మెకానిక్కు పాఠక్రమము రెండేండ్లది. షెడ్డులోని యనుభవమును ఐ.టి.ఐ.లోని శాస్త్రమును కలిపి నేర్పినచో మంచి పనివాడు తయారగును.

ఇతరదేశములు ఈ ప్రశ్నను ఎట్లు పరిష్కరించుకొనినవో చూతము. అమెరికాలో మసాచుసెట్సు రాష్ట్రప్రజలు 2012 నవంబరున ఓటు వేసి, కంపెనీకేంద్రములకు దొరకు మరమ్మతు సమాచారము స్వతంత్రులకును దొరకవలెనని శాసించిరి. దాని ఫలితముగా 2014లో కంపెనీలు దేశమంతటికిని వర్తించునట్లు ఒడంబడిక చేసికొనినవి. సమాచారము తీగెలేకయే బండినుండి కంపెనీకి నేరుగా పోవుచున్నదని గుర్తించి, 2020లో అదే రాష్ట్రప్రజలు ఆ సమాచారమునకును హక్కును విస్తరించిరి. ఐరోపా సమాఖ్యవారు 2007 నాటి నిబంధనలలోనే స్వతంత్ర మెకానిక్కులకు సమాచారము నియ్యవలెనని కంపెనీలను కట్టడి చేసిరి. ఆ దేశములలో ఇందువలన కార్ల కంపెనీలు మూతపడలేదు. అచ్చట సాధ్యమైనది ఇచ్చట అసాధ్యమనుటకు కారణము కానరాదు.

కావున మేము కోరునది యిది. 2014 నాటి కమిషను ఆదేశముల సారమును న్యాయస్థానముల మెట్లపై మిగిల్చక పార్లమెంటు శాసనముగా చేయవలెను. ప్రతి కంపెనీయు తన విడిభాగముల జాబితాను, గరిష్ఠధరలను ప్రజలకు తెలియునట్లు ప్రకటింపవలెను. ఒక నమూనా కారు తయారీని నిలిపినపిమ్మట ఎన్నేండ్లవఱకు భాగములను సరఫరా చేయునో అమ్మునాడే వ్రాసియియ్యవలెను. కంపెనీ స్కానర్లను, వాని సమాచారమును న్యాయమైన రుసుమునకు స్వతంత్ర మెకానిక్కులకు ఇయ్యవలెను. ఒంటరి మేస్త్రీ అన్ని కంపెనీల పరికరములను కొనజాలడు గనుక, ప్రతి ఆటోనగరులోను సహకారపద్ధతిపై ఒక పరీక్షాకేంద్రము నెలకొల్పి, రాష్ట్రప్రభుత్వములు దానికి మూలధనసహాయము చేయవలెను. విజయవాడ, విశాఖపట్టణము, హైదరాబాదు నగరములతో దీనిని ప్రారంభింపవచ్చును. విద్యుత్కార్లు పెరుగుచున్న యీ కాలమున అధికవోల్టేజి బ్యాటరీలతో పనిచేయు శిక్షణను ఇప్పుడే ప్రారంభింపనిచో, రేపు ఆ బానెటుకు వేయబడు తాళము నేటిదానికంటె పెద్దదగును.

యజమానులును తమవంతు చేయవలెను. అంచనా వ్రాయించుకొననిదే పని కొప్పుకొనరాదు. అక్కఱలేని పద్దును "వలదు" అని చెప్పుటకు మొగమాటపడరాదు. పాతభాగమును అడిగి పుచ్చుకొనవలెను. ప్రతి మరమ్మతునకును తేదీ, కిలోమీటర్లు, భాగము పేరు ఒక పుస్తకములో వ్రాసియుంచవలెను. రైతు పశువు ఈనికలను గుర్తుంచుకొన్నంత శ్రద్ధతో బండి చరిత్రను గుర్తుంచుకొన్నవానిని మోసగించుట కష్టము. అన్యాయము జరిగినచో జిల్లా వినియోగదారుల కమిషనుకు పోవుటకు వెనుదీయరాదు. తిట్టుకొనుచు బిల్లు చెల్లించు వేయిమందికంటె, నిలిచి ప్రశ్నించు ఒక్కడు కంపెనీకి ఎక్కువ పాఠము నేర్పును. 2014 నాటి తీర్పునకు మూలము అట్టి యొక్కని ఫిర్యాదే కదా!

పాతబండిని పదికాలములు నడుపుకొనుట పేదతనమునకు గుర్తని కొందఱు తలచుచున్నారు. ప్రభుత్వముకూడ పదునైదేండ్లు నిండిన కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ నుండి 600 రూపాయలనుండి 5,000కు పెంచి, వదిలించుకొనుమని సూచించుచున్నది. పొగ క్రక్కుచు ప్రాణముల కపాయము దెచ్చు బండి పోవలసినదే. అందు వివాదము లేదు. కాని పరీక్షలో నెగ్గగల బండి, ఒక చిన్నభాగము దొరకకపోవుటచేతనో, ఒక సంకేతమును చెప్పువాడు లేకపోవుటచేతనో తుక్కుగా మారుట ధనమునకును, లోహమునకును, శ్రమకును జరుగు అపచారము. మన తాతలు నాగలికఱ్ఱు అరిగిన కమ్మరికొలిమికి పంపిరేగాని నాగలిని పారవేయలేదు. ఆ కమ్మరి మనుమడే నేటి ఆటోనగరు మేస్త్రీ. రూపాయి రూపాయి కూడబెట్టి బండి కొన్నవాని చేతికి తాళపుచెవితోపాటు దానిని తెఱచి చూచు హక్కును, ఆ మేస్త్రీ చేతికి బాగుచేయు విద్యను అందించుట ప్రభుత్వము చేయవలసిన పని. దానిని అడిగి సాధించుట ప్రజలు చేయవలసిన పని.